ఉలవల సంచితో కుప్పం దాకా

ఈ ప్రయాణాన్ని రాసిపెట్టాలన్న ఆలోచన నాకు గ్రంథాలయంలోనే వచ్చింది. మదనపల్లెలో నేను పట్టుచీరల కొంగులకు దారాలు ముడివేసి కుచ్చులు వేస్తాను. మధ్యాహ్నం కళ్ళు అలిసినప్పుడు సూది పక్కన పెట్టి గ్రంథాలయానికి వెళ్ళి కూర్చోవడం చాలా ఏళ్ళ అలవాటు. నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా అక్కడి కిటికీ పక్క బల్ల దగ్గర చదువుకున్నదే. మధుమేహం మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను, కొన్నింటిని మళ్ళీ మళ్ళీ చదివాను. ఏ గింజలో పీచు ఎక్కువ, ఏ ఆకు కడుపులో నిదానంగా అరుగుతుంది, పళ్ళెంలో ఏది ముందు తినాలి, ఏది చివర, అన్నీ వాటిలో ఉన్నాయి. కానీ ఎదుటి మనిషి ప్రేమగా గ్లాసు అందిస్తే వద్దని ఎలా చెప్పాలో ఒక్క పుస్తకంలోనూ లేదు. ఆ సంగతి నేను కుప్పంలో నేర్చుకున్నాను. మా వైపు ఇప్పుడు షుగరు లేని ఇంటిని వెతుక్కోవాలి. నేను పోయిన దారిలో ఇంకెవరైనా పోవలసి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మా అక్క సుగుణమ్మ కుప్పంలో ఉంటుంది. బావ పోయినప్పటి నుంచి చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి, బైబిలు వాక్యం చదివి, ప్రార్థన చేసి వస్తుంది. చర్చికి రాని వాళ్ళు కూడా ఆమెను ప్రార్థనమ్మ అని పిలిచి ఇంట్లో కూర్చోబెడతారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. షుగరు దిగితే గానీ కత్తి పెట్టేది లేదన్నారు డాక్టర్లు. రెండుసార్లు ఆసుపత్రికి పోయి రెండుసార్లూ ఊరికే తిరిగి వచ్చింది.

దీపావళి పోయాక ఒక పొద్దున ఫోన్ చేసింది. "అచ్చరాలు అలుక్కుపోతాండాయే సరోజీ. నోటికొచ్చిందే చదివినట్టు చెప్తాండా. మొన్న ఒకరింట్లో మధ్యలో మరిసిపోయినా. పేజీ తిప్పినట్టు చేసి గట్టెక్కినా," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చదవలేని రోజు వస్తే ఆమె ఇల్లు కదలదు, ఇల్లు కదలకపోతే ఆమె ఆమెగా ఉండదు. ఒక నెల తర్వాత మళ్ళీ చూపించుకోవాలట. ఆ నెల ఆమె దగ్గరే ఉండాలని బయలుదేరాను.

ఉదయం ఏడు గంటలకు మదనపల్లె బస్టాండు మంచులో సగం కరిగినట్టుంది. కొండలు లేవు, ఆకాశం లేదు, లైట్ల చుట్టూ తెల్లటి వలయాలు మాత్రం ఉన్నాయి. ఒక సంచిలో బట్టలు, రెండో సంచిలో బి.కొత్తకోట వైపు నుంచి తెప్పించిన ఉలవలు, కొర్రలు. ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సులో టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలాక మంచు కిటికీకి ఆనుకుని మాతోపాటే వచ్చింది. అందులో నుంచి ఒక టమాటా తోట, ఒక ఆవు, ఒక గుడిసె, ఒక్కొక్కటి పైకి తేలి మళ్ళీ మునిగిపోయాయి. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉన్నాను.

పక్క వరసలో ఒక పెద్దాయన పేపరులో చుట్టిన ఆకుల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేరు రెడ్డెప్ప అని తర్వాత చెప్పాడు. నా సంచి మూతి నుంచి ఉలవలు కనబడ్డాయేమో, మాట కలిపాడు.

"ఎవరికమ్మా షుగరు?"

"మా అక్కకప్పా."

"ఇది ఇన్సులిన్ ఆకు. పొద్దున రెండాకులు నమిలితే సాలు. నేను మాత్రలు అవతల పారేసినా."

"నెత్తురు చూపించుకున్నారా అప్పా?"

"బాగుండాను కదా, టెస్టు యాల?"

బాగున్నాననిపిస్తూనే లోపల కళ్ళనూ, మూత్రపిండాలనూ, కాళ్ళనూ తినే జబ్బు ఇదని, ఆకు నమిలినా మాత్ర మాత్రం డాక్టరు చెప్పకుండా మానకూడదని, నాకు తెలిసినంతా చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"డాక్టరమ్మా నువ్వు?"

"కాదప్పా. చీరలకు కుచ్చులేస్తా."

"అట్ల చెప్పు," అని నవ్వి కిటికీ వైపు తిరిగాడు. పుంగనూరు వచ్చే ముందు మళ్ళీ ఇటు తిరిగి, గొంతు తగ్గించి, "ఆ టెస్టు పరగడుపునే కదమ్మా చేసేది?" అని అడిగాడు. అవునన్నాను. దిగేటప్పుడు నాకు రెండాకులు ఇచ్చి పోయాడు.

పుంగనూరులో ఎనిమిదింటికి దిగాను. ఇక్కడ ఆగింది అనపకాయల కోసం, చిక్కుడు జాతి గింజకాయలవి. మంచు కాలంలో ఈ కాయల వాసన బజారంతా పట్టి ఉంటుంది, చేతికి అంటితే సాయంత్రం దాకా వదలదు. సోమల నుంచి వచ్చిన వెంకటమ్మ అనే ఆమె గోనెపట్ట మీద కుప్ప పోసుకుని కూర్చుంది.

"పితికిపప్పుకా మా? మంచి ముదురు కాయ ఉండాది, తీసుకో."

మా వైపు ఈ గింజల్ని నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో పితికి తోలు తీసి, ఆ పప్పుతో పులుసు చేస్తారు. చలికాలంలో అది పెట్టని ఇల్లుండదు. నాకు మాత్రం తోలే కావాలి, ఎందుకంటే పీచు ఉండేది అందులోనే.

"పితికేదానికి కాదమ్మా, తోలుతోనే ఉడకేసుకుంటాం," అన్నాను.

"తోలుతో తినేదానికి మీరేమన్నా మేకలా?"

షుగరు మనిషికి తోలు మంచిదని, గింజలోని పిండి నెత్తురులోకి ఒక్కసారిగా ఉరకకుండా అది పట్టి ఆపుతుందని చెప్పాను. ఆమె కాసేపు తన గోళ్ళ వైపు చూసుకుంది.

"ఈ మాట మా అత్తకు చెప్పినావు కాదు. పితికి పితికి నా గోళ్ళు పోయినాయి," అని, తూచిన తర్వాత ఇంకో రెండు పిడికిళ్ళు సంచిలో పోసింది.

తొమ్మిదిన్నరకు పలమనేరు బస్సు. అక్కడ దిగేసరికి మంచు విడిచి ఎండ పసుపుపచ్చగా పరుచుకుని ఉంది. కుప్పం బస్సుకు వేళ ఉందన్నారు కాబట్టి బస్టాండు బయట ఒక మెస్సులో భోజనం తెరిచేదాకా కూర్చుని తిన్నాను. రాగి సంగటి, నాలుగైదు రకాల ఆకులు కలిపి ఉడికించి ఎనిపిన పులగూర, మజ్జిగ. వడ్డించే అతను వచ్చి అడిగాడు.

"రెండు ముద్దలేనా అమ్మా?"

"సగం ముద్ద నాయనా. కూర రెండు గరిటెలు."

"సగం ముద్ద యాడైనా ఉంటాదామ్మా? ముద్దంటే ముద్దే," అని మొత్తం ముద్ద పెట్టి పోయాడు.

రాగి మంచిదే. కానీ మంచిదని పేరు పడిన తిండిని మా వైపు లెక్క లేకుండా తింటారు. సంగటిలో బియ్యపు నూక కూడా ఉంటుంది, పైగా నమలకుండా మింగేస్తాం. పుస్తకాలు చదివాక నేను నేర్చుకున్నదేమంటే, కూరను ముందు తిని, సంగటిని చివర తినాలి. అప్పుడు సగం ముద్దకే కడుపు నిండినట్టుంటుంది. మిగిలిన సగాన్ని ఆకులో చుట్టించుకున్నాను.

పలమనేరు దాటితే వి.కోట దాకా మల్బరీ తోటలు. ఆ ఆకు తిన్న పురుగు కట్టిన గూడు నుంచి వచ్చిన దారమే చివరికి నా వేళ్ళ మధ్యకు వచ్చి కుచ్చు అవుతుంది. ఇన్నేళ్ళుగా ఆ దారాన్ని ముడివేస్తున్నా, అది పచ్చగా ఉన్నప్పుడు ఇంత నిదానంగా చూడడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత అడవి వచ్చింది. ఏనుగులు దాటే చోటని బోర్డు ఉంది, ఏనుగులు లేవు. బస్సులో అందరూ కునుకు తీస్తున్నారు. వెదురు పొదల నీడ ఒకరి ముఖం మీద నుంచి ఇంకొకరి ముఖం మీదికి జారిపోతోంది. డ్రైవరు కూడా ఈ కలలోనే ఉన్నాడా అని ఒక క్షణం భయం వేసింది గానీ, మలుపు దగ్గర హారన్ గట్టిగా మోగింది.

కుప్పంలో దిగేసరికి రెండున్నర. అక్క తెల్లచీరలో స్తంభం పక్కన నిలబడి ఉంది. నేను చెయ్యి ఎత్తేలోపే ఆమె గబగబా నడిచి వచ్చి, నా ముందు దిగిన ఇంకొక ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చినావా సరోజీ, అలిసిపోయినావా?"

"నేను కాదమ్మా మీ సరోజి. ఆమెదీ నాదీ పచ్చచీరే," అని ఆమె నవ్వుతూ అక్క చేతిని నా చేతిలో పెట్టి పోయింది.

అక్క నా ముఖం రెండు చేతులతో పట్టుకుని దగ్గరగా చూసింది. "నువ్వేం మారలేదే. అట్లే ఉండావు," అంది.

అక్క వంటిల్లు చూసి ఆశ్చర్యపోయాను. నేను నేర్పడానికి ఏమీ మిగల్లేదు. కొర్రన్నం, ఉలవకట్టు, పెరట్లో మునగాకు, పొలం గట్ల నుంచి తెచ్చిన చెంచలాకు, పొన్నగంటాకు. చక్కెర డబ్బా లేదు, బెల్లం లేదు. మాత్రలు వేళకు వేసుకుంటోంది. అయినా వారం తిరిగాక చేయించిన టెస్టులో షుగరు దిగలేదు. డాక్టరు మాత్ర మార్చే ముందు, తినేదంతా ఒకసారి సరిగ్గా గమనించుకుని రమ్మన్నాడు.

"ఇంకేం తింటాండావక్కా?"

"నీ కండ్ల ముందర తినేదే కదే. తీపి ముట్టి ఎన్నేండ్లాయనో."

అక్క అబద్ధం ఆడదు. రాత్రంతా నా పుస్తకాలన్నీ మనసులో తిరగేశాను. తెల్లవారాక, పుస్తకంలో దొరకనప్పుడు మనిషి వెంట పోవాలనిపించి, ఆమె ఇళ్ళు తిరగడానికి బయలుదేరితే నేనూ చెప్పులు వేసుకున్నాను.

మొదటి ఇంట్లో వాక్యం, ప్రార్థన, తర్వాత కాపీ. స్టీలు గ్లాసు నిండా చిక్కటి కాపీ, నా నాలుకకు పాకంలా తగిలింది. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో కాపీతోపాటు అరటిపండు. ప్రతి ఇంట్లోనూ అక్క కళ్ళు మూసుకుని, కృతజ్ఞతలు చెప్పి, గ్లాసు అడుగు దాకా తాగింది. నాలుగో ఇంటి నుంచి బయటపడగానే దారిలో ఆపాను.

"ఇదేందక్కా? తీపి ముట్టనంటివి."

"యాడ ముట్టినానే?"

"ఆ కాపీలో సక్కెర లేదా?"

అక్క నిజంగానే నివ్వెరపోయి చూసింది. "అది నేను తినేది కాదే. వాళ్ళిచ్చేది. ప్రార్థన చేసి తాగేది యాల చెడుపు చేస్తాది? అయినా, కూలికి పోయొచ్చి పాలు కొని కాపీ కాస్తారు. వద్దంటే, మా ఇంట్లో తాగదు ఈమె అనుకోరా?"

ఆమెకు తిండి అంటే తన పొయ్యి మీద వండుకున్నదే. బయట అందుకున్నది మనుషుల మధ్య మర్యాద, దానికీ నెత్తురుకూ సంబంధం లేదు. నా దగ్గర ఉన్న మాటలన్నీ ఉపయోగించాను. పీచు, పిండి, పరగడుపు, భోజనం తర్వాత. అక్క తల ఊపుతూ విని, "నువ్వు చెప్పేది నిజమే గానీ, పోయి మునెమ్మ మొగం మీద నువ్వు చెప్పు వద్దని," అని ముందుకు నడిచింది.

ఐదో ఇల్లు ఆ మునెమ్మదే. చిన్న రేకుల ఇల్లు, వాకిట్లో రాగులు ఆరబోసి ఉన్నాయి. వాళ్ళది వేరే దేవుడు, గోడ మీద ఆ పటాలే ఉన్నాయి, అయినా ప్రార్థనమ్మ వస్తే చాప వేస్తుంది. అక్క పుస్తకం తెరిచి మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది. ఈసారి పేజీ తిప్పలేదు, వేలు అక్షరాల మీద అలాగే నిలబడిపోయింది. మునెమ్మ తల దించుకుని ఎదురుచూసింది. కాసేపటికి అక్క వేరే చోటు నుంచి అందుకుని ముగించింది. ఆ రోజు నాకు చాలా భయం వేసింది.

మునెమ్మ మాకు రెండు గ్లాసుల కాపీ తెచ్చింది. తనకోసం ఒక చిన్న గ్లాసులో నల్లటి కాపీ పోసుకుంది. నేను దాని వైపే చూస్తున్నానని గమనించింది.

"నాకు షుగరు మా, రెండు మూడేండ్లాయ. మా ఇంట్లో సక్కెర ఎవరం వేసుకోము."

"మరి మాకు వేసినావే?"

"ఆ డబ్బా ప్రార్థనమ్మ కోసరమే పెట్టుండాను."

అక్క గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. "నువ్వు సప్పిడి తాగతా నాకు యాల తీపి పోస్తివి మునెమ్మా?"

"ఇంటికొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పే మనిసికి సప్పిడి కాపీ ఇస్తారామ్మా? వీధిలో తలెత్తుకునేదెట్ల?"

"నాకూ షుగరేనే. నువ్వు నొచ్చుకుంటావని తాగతాండా."

మునెమ్మ ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత నవ్వు ఆగలేదు. "అయ్యో దేవుడా, అదే జబ్బు నాకుండి నీకు పోస్తాండానా. మా వీధిలో సగం మందికి ఉండాది మా. అందరూ నీకోసరమే డబ్బాలు పెట్టుండారు. నువ్వు రాకపోతే చీమలు పడతాయి వాటికి."

నేనూ నవ్వాను. అక్క మాత్రం గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు ఇంటింటికీ పోయి వద్దని యాడ చెప్పేది?" అని ఆలోచనలో పడింది. తర్వాత ఉన్నట్టుండి కళ్ళు మూసుకుంది. ముగింపు ప్రార్థన అనుకుని మేమూ మూసుకున్నాం.

"ప్రభువా, ఈ ఇంటికి రాగులిచ్చినావు, ఉలవలిచ్చినావు, గట్టు మీద ఆకు ఇచ్చినావు. నీ దాసురాలికి అందులో గుప్పెడు సాలు. ఇకమీదట ఈ బిడ్డ నా కోసరం సక్కెర కొనకుండా మనసివ్వు. నాకు నీ పుస్తకం చదివే కండ్లివ్వు."

"ఆమెన్," అన్నది మునెమ్మ, అలవాటు లేని గొంతుతో.

ముఖం మీద చెప్పలేనిది అక్క దేవుడికి చెప్పింది. వినాల్సిన వాళ్ళు పక్కనే కూర్చుని విన్నారు. దేవుడితో చెప్పిన మాటకు ఎవరూ నొచ్చుకోలేరు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అదే ప్రార్థన చేసింది. ఒక ఇంట్లో ఎవరో మధ్యలో కిసుక్కున నవ్వారు, ఇంకొక ఇంట్లో "మాకూ ఉండాది మా" అని ఒక ముసలామె కళ్ళు మూసుకునే అంది. రెండో చుట్టు తిరిగేసరికి గ్లాసుల్లో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గిన్నెల్లో తోలుతో ఉడికించిన అనపగింజలు, ఉలవ గుగ్గుళ్ళు. ఒక్కో ఇంట్లో గుప్పెడు తిని, ఆ రోజుల్లో అక్క మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించింది. వాళ్ళ ఇళ్ళలో వాళ్ళు కూడా అదే తింటున్నారని మునెమ్మ చెప్పింది.

కంటి ఆసుపత్రిలో నెత్తురు తీసిన రోజు అక్క బల్ల మీద కూర్చుని పెదాలు కదుపుతూ ఉంది. నర్సు బయటికి వచ్చి, "సుగుణమ్మగారు ఎవరు? షుగరు దిగింది. రేపు రండి, ఆపరేషన్," అంది. అక్క నా చెయ్యి నొక్కింది. ఆకులూ గింజలూ మాత్రలూ అన్నీ కలిసి చేసిన పని అది. మాత్రలు మాత్రం ఇక ముందూ మానకూడదని డాక్టరు నా ఎదుటే మళ్ళీ చెప్పాడు.

ఒక కన్నుకే చేశారు. రెండోది తర్వాత. నేను తిరుగు ప్రయాణమైన రోజు అక్క నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బస్టాండుకు వచ్చింది. బస్సులు వచ్చే వైపు చూస్తూ, నాకింకా కనబడకముందే, "పలమనేరు, అదో," అంది. తర్వాత అద్దాలు కాస్త పైకెత్తి నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

"ముసిలిదానివైపోయినావు కదే. తలంతా తెల్లబడె. యాల చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదక్కా."

బస్సు కదిలింది. అడవిలో మళ్ళీ ఆ వెదురు నీడలు, వి.కోట దగ్గర మళ్ళీ ఆ పచ్చటి తోటలు. ఈసారి నిద్రపోలేదు. పలమనేరులో అదే మెస్సు, అదే అతను. నన్ను గుర్తుపట్టి అడగకుండానే సగం ముద్ద పెట్టాడు. పుంగనూరు దాటాక పొద్దు వాలింది, మదనపల్లె కొండలు ఈసారి స్పష్టంగా, నీలంగా నిలబడి ఉన్నాయి. గింజల గురించీ ఆకుల గురించీ నేను చదివినవేవీ తప్పు కాదు. కానీ తిండి ఒక్క పొయ్యి దగ్గరే ఉండదని, అది వీధంతా చేతులు మారుతూ తిరుగుతుందని, ఆ వీధి మొత్తం కలిసి మారితేనే ఒక మనిషి నెత్తురు మారుతుందని, బస్సు కిటికీలో నుంచి కొండల వైపు చూస్తూ అనుకున్నాను.

రెండాకులిచ్చి టెస్టు గురించి అడిగిన రెడ్డెప్పకు, రెండు పిడికిళ్ళు ఎక్కువ పోసిన సోమల వెంకటమ్మకు, పుస్తకాలు గడువు దాటినా ఏమీ అనని మా గ్రంథాలయం నాగరాజన్నకు, డబ్బా ఖాళీ చేసుకున్న కుప్పం మునెమ్మకు, నేను పేరు అడిగేలోపే వెళ్ళిపోయిన ఆ పచ్చచీర అమ్మకు నా కృతజ్ఞతలు. అందరికన్నా చివర మా అక్క సుగుణమ్మకు. ఈ కథనం ఆమె తానే చదువుకోవాలని అక్షరాలు కొంచెం పెద్దవిగా రాశాను. అంత పెద్దగా యాల రాసినావే, నాకు కనపడ్తాదని తెలీదా అని తిడుతుంది. తెలుసు అక్కా.